విశాఖనుండి భీమిలికి కాలినడకన

విశాఖపట్నమునుండి భీమునిపట్నమునకు తీరమువెంట ఇంచుమించు 25 కిలోమీటర్లు. బస్సులో గంట ప్రయాణము. నేను ఆ దూరమును పలుమారులు బస్సులోనే దాటినవాడను. ఒక మాఘమాసపు వేకువను మాత్రము పెదజాలరిపేట ఇసుకలో చెప్పులు చేతబట్టుకొని ఉత్తరముఖముగా బయలుదేరినాను. ఈ తీరమును గూర్చి చదివినది కొంత ఉన్నది. దానిని కాళ్ళతో ఒకమారు సరిచూచుకొనవలెనని కోరిక. చరిత్ర గ్రంథములలో ఈ ఒడ్డున కనిపించువారు చాలవరకు ఓడలవారే. ఒడ్డువెంట నడచినవారి ప్రసక్తి అరుదు.

ఋషికొండ దాటువరకు త్రోవ అని చెప్పదగినది ఏమియు లేదు. అల వెనుదిరిగినపుడు గట్టిపడిన తడి ఇసుకయే త్రోవ. పోటువేళ మునుగును, ఆటువేళ తేలును. కొండరాళ్ళు నీటిలోనికి చొచ్చుకొని వచ్చిన తావుల ఎక్కి దిగవలెను, లేదా రహదారి పట్టవలెను. చేపల తట్ట నెత్తిన పెట్టుకొని నాకంటె వేగముగా పోవుచున్న ఒక ముసలమ్మను, "మంగమారిపేట ఇంకెంత దూరమమ్మా?" అని అడిగినాను. "ఇంకో రెండు గెడ్డలు దాటితే వచ్చేస్తాది బాబూ" అన్నది. ఈ ప్రాంతమున వాగును గెడ్డ అంటారు. ఆమె లెక్కలో కిలోమీటరు రాళ్ళకు చోటు లేదు. తడిసిన మోకాళ్ళే కొలత.

తొట్లకొండ ఎక్కునప్పటికి ఎండ ముదిరినది. సముద్రమట్టమునకు 128 మీటర్ల ఎత్తున ఉన్న ఈ బౌద్ధారామము చిరకాలము ఎవరికీ తెలియదు. 1976లో నౌకాదళమువారు తమ స్థావరమునకై విమానములనుండి సర్వే జరిపినపుడు శిథిలములు బయటపడినవి. 1988నుండి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వించినది. స్తూపము, చైత్యములు, విహారములు, వంటశాల, భోజనశాల అన్నీ కొండనెత్తముననే. అయినను కొండకు పేరు తెచ్చినవి ఇవేవియు కావు, వాననీటికై రాతిలో తొలిచిన తొట్లు. భిక్షువుల ధర్మమును గూర్చి చాల వ్రాసినారు గాని, వారి దాహమును గూర్చి ఈ తొట్లే చెప్పుచున్నవి. ఊటబావి లేని కొండమీద నివసింపదలచినవాడు మొదట మేఘమును నమ్మవలెను.

ఇక్కడ శాతవాహనుల నాణెములు 9, రోము దేశపు వెండి నాణెములు 5 దొరికినవి. ఈ అయిదింటిని పట్టుకొని కొండక్రింద రోమకనౌకను నిలిపి వర్ణించుట మన రచయితలకు అలవాటైనది. నాకు అంత ధైర్యము లేదు. నాణెము ఓడలోనే రానక్కరలేదు. చేతులు మారుచు, ఏ వర్తకుని మూటలోనో, నేను వచ్చిన ఇసుకత్రోవనే వచ్చి, దానముగా ఇక్కడ ఆగిపోయి ఉండవచ్చును. 2019 అక్టోబరు వానలకు, తవ్వకముల పిదప పునర్నిర్మించిన మహాస్తూపము కూలినది. తరువాత మరల నిలబెట్టినారు. పాత తొట్లలో మాత్రము ఆ వాన నీరు యథాప్రకారము నిండి ఉండును.

కొండ దిగి మంగమారిపేట దాటి చాలదూరము నడచిన తరువాత ఎర్రమట్టి దిబ్బలు. పేరున మట్టి అన్నారు గాని అది ఇసుక. సుమారు 20 వేల ఏండ్ల క్రిందట, హిమయుగమున, భూమిమీది నీరు మంచుగా గడ్డకట్టి సముద్రము వెనుకకు పోయినది. బయటపడిన సముద్రగర్భపు ఇసుకను గాలి ఎత్తి ఒడ్డున పోసినది. రేణువులలోని ఇనుము గాలికి, తడికి తుప్పుపట్టి ఎరుపెక్కినది. వానలు కోసికోసి లోతైన గండ్లు చేసినవి. ఇట్టి ఎర్రయిసుక తమిళనాట, సింహళమున కలదు. దక్షిణాసియాలో మరెక్కడను అరుదు. శిలాయుగపు పనిముట్లు కూడ ఈ గండ్లలో దొరికినవి. ఈ త్రోవన మొదట నడచినవారు వారే కాబోలు. జాతీయ భూవారసత్వ ప్రదేశముగా గుర్తింపు వచ్చినది గాని, 2024లో దిబ్బల చెంత యంత్రములతో నేల చదును చేయగా వివాదము రేగినది. గాలి వేల ఏండ్లు పోసినదానిని ఒక యంత్రము పూటలో చదును చేయగలదు. నేను గండిలో దిగినపుడు పాదము క్రింద ఎర్రయిసుక పొడిపొడిగా జారినది. నడుచుటయు ఒక విధమైన తవ్వకమేనని తోచి, అంచులు వదలి అడుగున నడచినాను.

గోస్తనీ నది సముద్రమున కలియు చోట భీమిలి. వలందులు, అనగా హాలెండువారు, 17వ శతాబ్దిలో ఇక్కడ వర్తకస్థానము నిలిపి మన నేతగాండ్ర బట్టలు కొనుచుండిరి. ఆ 'వలంద' శబ్దము మచిలీపట్నపు వలందపాలెమున నేటికిని నిలిచి ఉన్నది. 1824 నాటి ఒడంబడికతో ఊరు ఆంగ్లేయుల పరమైనది. 1861లోనే పురపాలక సంఘము ఏర్పడిన పాత పట్టణమిది. ఇక్కడినుండి ఎగుమతియైన గోగునారకు విదేశీ విపణిలో 'బిమ్లి జూటు' అని ఊరి పేరే పెట్టినారు.

ఇంత వర్తకము జరిగిన ఊరికి ఓడలు ఆనుకొను గట్టు లేదు. ఓడ దూరముగా లంగరు వేయును. సరకు పడవలపై పోవలెను. ఆ పడవల పలకలకు మేకులు లేవు. కొబ్బరిత్రాటితో కుట్టినవి. కెరటము కొట్టినపుడు మేకుపలక విరుగును, కుట్టుపలక వంగి లేచును. 1933లో విశాఖ నౌకాశ్రయము తెరచిన పిదప ఓడలు అక్కడికే పోసాగినవి.

వలందుల గోరీలు సాయంకాలపు నీడలో చూచినాను. రాళ్ళమీద పేర్లు, వంశచిహ్నములు చక్కగా చెక్కి ఉన్నవి. వెలుపల ఇసుకలో వల బాగుచేసికొనుచున్న ఒక వృద్ధుని, "ఓడలు ఎక్కడ ఆగేవి తాతా?" అని అడిగినాను.

"అదిగో, ఆ నల్లనీళ్ళ కాడ ఆగేవంట బాబూ. మా తాత పడవలో తెడ్డేసేవోడు."

ఆయన తాత పేరు అడిగి నా పుస్తకమున వ్రాసికొన్నాను. సరిగా వ్రాసితినో లేదో చూపుమన్నాడు. పుస్తకము కంటికి దగ్గరగా పెట్టుకొని కొంతసేపు చూచి, తనకు చదువు రాదని నవ్వి తిరిగి ఇచ్చినాడు. ఆ అక్షరములను గట్టిగా రెండుమార్లు చదివి వినిపించి, బస్సుకొరకు లేచినాను.