పడవెక్కిన పుస్తకాలు: ఆంధ్ర గ్రంథాలయోద్యమం

తెలుగు ప్రాంతాలకు వర్తించే తొలి ప్రజా గ్రంథాలయ చట్టం 1948లో వచ్చింది. అప్పటికి అర్ధశతాబ్దం ముందు నుంచే ఊళ్ళలో గ్రంథాలయాలు నడుస్తున్నాయి. వాటిని పెట్టినవాళ్ళు బడిపంతుళ్ళు, ప్లీడర్లు, దుకాణదారులు, కాస్త చదువు అబ్బిన రైతుబిడ్డలు. ముందు నలుగురూ కలిసి ఒక సమాజమో సంఘమో పెట్టుకునేవారు, చందా వేసుకునేవారు, ఆ తర్వాతే పుస్తకాలు కొనేవారు. ఈ వరస గుర్తుంచుకోదగ్గది. పుస్తకాల కోసం పుట్టిన సంఘాలు ఊరికి పుస్తకాలతో పాటు కూడి పనిచేసే అలవాటును కూడా ఇచ్చాయి.

ఈ ఉద్యమం కృష్ణా, గోదావరి డెల్టాల్లో ముందుగా వేళ్ళూనుకోవడానికి కారణం కనిపిస్తూనే ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కాలువ కింద మాగాణి పెరిగింది. రైతు గాదెలో తిండికి పోను నాలుగు గింజలు మిగిలాయి. ఆ మిగులు పిల్లల్ని రాజమండ్రికి, బందరుకు, మద్రాసుకు చదువులకు పంపింది. చదువుకుని తిరిగొచ్చిన కుర్రవాళ్ళకు ఊళ్ళో చదవడానికి ఏమీ ఉండేది కాదు. పత్రికలు అప్పుడప్పుడే బలపడుతున్నాయి. బందరులో కృష్ణా పత్రిక 1902లో మొదలైంది. మద్రాసు నుంచి ఆంధ్రపత్రిక 1914లో దినపత్రికగా రావడం మొదలైంది. ఒక ఇంటివాడు ఒక్కడే పత్రిక తెప్పించుకోవడం భారం. పదిమంది కలిస్తే అది తేలిక.

రాజమండ్రిలో నాళం కృష్ణారావు 1898లో పెట్టిన వసురాయ గ్రంథాలయం తొలినాటి ప్రయత్నాల్లో ముఖ్యమైనది. అప్పటికి ఆయన ఇంకా ఇరవై దాటని యువకుడు. తన గురువు వడ్డాది సుబ్బారాయుడిని లోకం వసురాయకవి అనేది. ఆ పేరే గ్రంథాలయానికి పెట్టాడు. గురుదక్షిణ గురువు ఇంటికి కాక ఊరికి చెల్లిన సందర్భమిది. తరవాత ఈ గ్రంథాలయం, అదే ఊళ్ళోని రత్నకవి గ్రంథాలయం కలిసి గౌతమీ గ్రంథాలయంగా రూపుదిద్దుకున్నాయి. రాజమండ్రిలో అది ఇప్పటికీ ఉంది.

హైదరాబాదులో పరిస్థితి వేరు. 1891లో వెలసిన ఆసఫియా గ్రంథాలయం పెద్దదే, కాని అక్కడ ఏలుబడి అరబీ, ఫారసీ, ఉర్దూ పుస్తకాలది. పాలకుల భాష ఒకటి, జనంలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది మరొకటి అయిన రాజ్యంలో తెలుగు పుస్తకం ఒకచోట దొరకడమే పెద్ద సంగతి. 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ఏర్పడింది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల జమీందారు నాయని వెంకటరంగారావు, ఆదిపూడి సోమనాథరావు దాని వెనక నిలిచినవారు. మొదట రావిచెట్టు రంగారావు ఇంట్లోనే అది నడిచింది. ఆయన 1910లో కాలం చేశాక భార్య లక్ష్మీనరసమ్మ నిలయం సొంత చోటికి విరాళమిచ్చి ఆదుకున్నారు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వచ్చాయి. పేర్లు చూస్తేనే అప్పటి మనసు తెలుస్తుంది. పేరులో రాజో, భాషో, రెండూనో ఉండాలి. ఇది మనదని చెప్పుకోవాలి.

అలమారలు సిద్ధమయ్యాయి, అందులో పెట్టడానికి ఏమున్నాయి? కావ్యాలు, ప్రబంధాలు, పురాణాలు ఉన్నాయి. చరిత్ర, విజ్ఞానశాస్త్రం, లోకంలో పెద్దల జీవితాలు తెలుగులో బహు తక్కువ. నిలయం వెనక ఉన్నవాళ్ళే 1906లో విజ్ఞానచంద్రికా మండలి పెట్టి ఆ కొరత తీర్చడానికి పూనుకున్నారు. మండలి తొలి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకను చరిత్ర. బానిసత్వాన్ని తొలగించిన అమెరికా అధ్యక్షుడి కథతో తెలుగు గ్రంథమాల మొదలుకావడం ఊరికే జరిగిన పని కాదు. గ్రంథాలయాలు చందాదారులుగా నిలవడం వల్ల ప్రచురణకర్తకు ధైర్యం వచ్చింది. ప్రచురణలు రావడం వల్ల గ్రంథాలయాలకు పాఠకులు వచ్చారు.

బెజవాడలో రామమోహన ధర్మ గ్రంథాలయం 1911లో ఏర్పడింది. దాన్ని ఆసరా చేసుకుని అయ్యంకి వెంకటరమణయ్య పెద్ద పనికి దిగాడు. 1890లో తూర్పు గోదావరి జిల్లా కొంకుదురులో పుట్టిన అయ్యంకికి అప్పటికి పాతికేళ్ళు నిండలేదు. ఊరూరా విడివిడిగా ఉన్న గ్రంథాలయాలను ఒక తాటిమీదికి తేవాలని ఆయన ఆలోచన. 1914 ఏప్రిల్ 10న రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షులు. చూపు పోయిన ఆ మహారచయిత, ఎదుటివాడు చదివి వినిపిస్తే తప్ప పుస్తకం అందని మనిషి, పుస్తకాల సభకు పెద్దగా కూర్చున్నాడు. ఆ సభలోనే ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం పుట్టింది. ఒక భాష మాట్లాడేవారి గ్రంథాలయాలన్నీ కలిసి సంఘం కట్టుకోవడం ఈ దేశంలో కొత్త విషయం. సంఘం తరఫున గ్రంథాలయ సర్వస్వం అనే పత్రిక కూడా వెలువడింది. 1919 నవంబరులో మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిపించింది కూడా అయ్యంకి వర్గమే. బరోడా సంస్థానపు గ్రంథాలయ శాఖకు చెందిన కుడాల్కర్ దానికి అధ్యక్షత వహించాడు. బరోడాలో మహారాజు పూనుకుని చేయించిన పనిని ఇక్కడ చందాదారులు చేస్తున్నారు.

ఊరి గ్రంథాలయం అంటే చాలాచోట్ల ఒక్క గది. ఎవరిదో అరుగు, సత్రంలో ఒక మూల, గుడి మండపం, బడి వరండా, ఏది దొరికితే అది. ఒక చెక్క అలమార, బల్ల, రెండు బెంచీలు, సాయంత్రానికి కిరసనాయిలు దీపం. బల్లమీద రెండు రిజిస్టర్లు: ఒకదాంట్లో పుస్తకం తీసుకున్నవారి పేరు, తేదీ, సంతకం, రెండోదాంట్లో జమాఖర్చు. అక్షరం రానివాళ్ళకూ ఇక్కడ చోటుండేది. పొలం పని ముగించుకుని వచ్చిన వాళ్ళు చుట్టూ కూర్చుంటే ఒకరు పత్రిక పైకి చదివేవారు, మధ్యలో ఆగి అర్థం చెప్పేవారు. ఆ అరుగుల మీదే రాత్రిబడులు మొదలయ్యాయి. వయోజన విద్య కోసం గాడిచర్ల ఎంతో పాటుపడ్డాడు.

డబ్బు ఎక్కడిది? నెలకు అణాల్లో చందా. ఊళ్ళో పెళ్ళయితే చదివింపుల్లో గ్రంథాలయానికీ ఒక భాగం. పంటలప్పుడు కళ్ళాల్లో ఇచ్చే ధాన్యం. ఊరి పెద్ద ఒకరు స్థలం ఇస్తే, మరొకరు కలప ఇస్తారు. కుర్రాళ్ళు మట్టి మోస్తారు. జమీందార్లూ ధనికులూ పెద్ద విరాళాలు ఇచ్చిన మాట నిజమే, కాని ఊరి గ్రంథాలయాన్ని ఏళ్ళ తరబడి నిలబెట్టినవి ఈ చిల్లర డబ్బులే. అణా ఇచ్చినవాడు లెక్క అడుగుతాడు. ఏటేటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, కార్యవర్గాన్ని ఎన్నుకోవాలి, జమాఖర్చు చదివి వినిపించాలి. ఓటు అన్నది ఇంకా కొద్దిమందికే ఉన్న రోజుల్లో ఎన్నిక, తీర్మానం, కోరం, గత సమావేశపు మినిట్సు వంటివి రైతులకు ఇక్కడే అలవాటయ్యాయి.

సముద్రతీరాన చీరాల పక్కనున్న వేటపాలెం నేతపనివారి ఊరు. అక్కడ హిందూ యువజన సంఘం 1918 అక్టోబరు 15న గ్రంథాలయం పెట్టింది. ఊటుకూరి వెంకట సుబ్బారాయ శ్రేష్ఠి దానికి ఆయువుపట్టు. అదే సారస్వత నికేతనం. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఒకటి ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది. కాని పరిశోధకులు వేటపాలెం వెళ్ళేది కర్ర కోసం కాదు. పాత తెలుగు పత్రికల సంచికలు ఏళ్ళవారీగా కుట్టి దాచిన బొత్తులు అక్కడున్నాయి. మహానగరాల్లో దొరకనివి ఆ పల్లెటూళ్ళో దొరుకుతాయి. ఏ తరం పాఠకుడికి ఏది పనికొస్తుందో తెలియక, ఏదీ పారేయకుండా దాచిన సంఘం చలవ అది.

డెల్టాలో ఊరికీ ఊరికీ దారి కాలువే. బియ్యం, బెల్లం, పెళ్ళివారు, సంతకు వెళ్ళేవారు, అందరూ పడవల మీదే. గ్రంథాలయ సంఘంవారు యాత్రలు చేసింది కూడా పడవల్లోనే. రేవు రేవునా దిగి సభ పెట్టి, ఉన్న గ్రంథాలయాన్ని చూసి, లేనిచోట పెట్టించి, మళ్ళీ పడవెక్కేవారు. ఈ ప్రయాణాలే ఒక కొత్త ఆలోచనకు దారి చూపాయి. గుంటూరు జిల్లా పెదపాలెంలో 1907లో పుట్టిన పాతూరి నాగభూషణం 1935లో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య నడిచే పడవల్లో గ్రంథాలయం ఏర్పాటు చేశాడు. గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగుతుంటే పడవ నెమ్మదిగా సాగుతుంది. లాకుల దగ్గర ఆగుతుంది; నీళ్ళు సమమయ్యే దాకా కదలదు. రెండు ఊళ్ళ నడుమ ప్రయాణమంటే పూటలు గడిచేవి. ప్రయాణికుడికి కబుర్లు, కునుకు తప్ప వేరే పని లేని ఆ పూటల్లోకి పుస్తకాల పెట్టె ఒకటి వచ్చి చేరింది. గ్రంథాలయానికి జనం రావాలని ఎదురుచూడక, జనం కూర్చున్నచోటికే పుస్తకం వెళ్ళింది. ఉద్యమంలో ఇంతకన్నా తెలివైన ఏర్పాటు మరొకటి కనబడదు. ఖర్చు స్వల్పం, పాఠకుడికి తీరిక పుష్కలం.

నిజాం రాజ్యంలో ఇదే పని ముళ్ళ మీద నడక. 1921లో అక్కడి ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెచ్చింది. దాని ప్రకారం సభ పెట్టాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. గ్రంథాలయం పెట్టినా అధికారుల అనుమానం తప్పేది కాదు. అదే ఏడు నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని థియేటరులో జరిగిన సంఘసంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే కొందరు అల్లరి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచే ఆంధ్రజన సంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు దాన్ని నడిపాడు. రాజకీయం మాట్లాడితే సంఘమే ఉండదు కనుక గ్రంథాలయాలు, పాఠశాలలు, శాసనాల సేకరణ, వర్తకుల ఇబ్బందులు, ఇవీ సంఘం చేతికెత్తుకున్న పనులు. 1925లో మధిరలో, 1928లో సూర్యాపేటలో గ్రంథాలయ మహాసభలు జరిగాయి. 1928లోనే హైదరాబాదులో మాడపాటి పూనికతో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల వెలిసింది. 1930లో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ జరిగేనాటికి, సభ నడపడం తెలిసిన మనుషులు ఊళ్ళలో తయారై ఉన్నారు. వాళ్ళలో చాలామంది ఊరి గ్రంథాలయాల్లో ఎదిగినవారే.

1915లో నల్లగొండ జిల్లాలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి ఇతరుల ఇళ్ళలో వంటపని చేస్తూ, హోటల్లో సర్వరుగా ఉంటూ చదువు నేర్చుకున్నాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, తాను అచ్చువేసిన పుస్తకాలను బుట్టలో పెట్టి నెత్తిన మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మాడు. కృష్ణా కాలువలో పడవ చేసిన పనిని తెలంగాణ బాటల్లో ఒక మనిషి తల చేసింది.

ఈ ఉద్యమం అందరికీ ఒకేలా అందిందని చెప్పడం సరికాదు. గ్రంథాలయం అగ్రవర్ణాలవారి అరుగు మీదో గుడి మండపంలోనో ఉంటే మాలమాదిగలకు ఆ మెట్టు ఎక్కే వీలు లేదు. ప్రవేశం అందరికీ ఉచితమని బోర్డు రాసినంతమాత్రాన ఊరి కట్టుబాటు సడలదు. ఆ వెలితిని వాళ్ళ సంఘాలే పూడ్చుకోవలసి వచ్చింది. భాగ్యరెడ్డివర్మ 1906లో హైదరాబాదులో జగన్మిత్ర మండలి స్థాపించాడు. 1910 నుంచి దళిత బాలలకు తెలుగు బడులు తెరిపించాడు. 1917లో బెజవాడలో జరిగిన ప్రథమ పంచమ మహాసభకు ఆయనే అధ్యక్షుడు. పంచములమని కాక ఆది ఆంధ్రులమని పిలుచుకోవాలని నిర్ణయించినది ఆ సభే. గ్రంథాలయ సంఘం అంతకు మూడేళ్ళ ముందు పుట్టిన ఊరే అది. ఒకే ఊళ్ళో రెండు సభలు, రెండింటి మధ్య అంత దూరం. ఉద్యమ చరిత్రలు రెండోదాన్ని తరచుగా పక్కన పెట్టడం పెద్ద లోపం.

సహాయ నిరాకరణ, ఉప్పు సత్యాగ్రహాల రోజుల్లో కార్యకర్తలు జైళ్ళకు వెళ్ళడంతో చాలా గ్రంథాలయాలు మూతపడ్డాయి. పుస్తకాలకూ ఆంక్షలు తప్పలేదు: ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో రాసిన మాలపల్లి నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1934లో గాడిచర్ల సంఘం అధ్యక్షుడయ్యాక పని మళ్ళీ ఊపందుకుంది. 1960లో కన్నుమూసే వరకూ ఆయనే ఆ స్థానంలో ఉన్నారు. విజయవాడ పటమటలో సంఘం భవనం ఆయన పేరు మీదే సర్వోత్తమ భవనమయింది.

చట్టం కోసం సంఘం చాలాకాలం అడిగింది. చందాలతో ఎన్నేళ్ళని నడుపుతారు? ఉత్సాహవంతుడు ఊరు వదిలితే అలమారకు తాళం పడేది. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ కృషితో 1948లో మద్రాసు ప్రజా గ్రంథాలయ చట్టం, 1955లో హైదరాబాదు చట్టం వచ్చాయి. రెండు ప్రాంతాలకూ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేశారు. జిల్లాకో గ్రంథాలయ సంస్థ ఏర్పడింది. ఇంటి పన్నుపై రూపాయికి 4 పైసల గ్రంథాలయ సెస్సు విధించారు. తరవాత అది 8 పైసలయింది. పంచాయతీలు, మునిసిపాలిటీలు దాన్ని పన్నుతో కలిపి వసూలు చేసి సంస్థకు జమ చేయాలి. వసూలైనది సకాలంలో జమకాక బకాయిలు పేరుకోవడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏళ్ళ తరబడి ఉన్న సమస్య. ఒకప్పుడు పెళ్ళిలో చదివించిన డబ్బుకు మరుసటి సర్వసభ్య సమావేశంలో లెక్క చెప్పేవారు. ఇప్పుడు ఇంటి పన్ను రసీదులో సెస్సు కట్టే గృహస్థుల్లో చాలామందికి తాము గ్రంథాలయానికి డబ్బిస్తున్న సంగతే తెలియదు.