పదిమందిలో కూర్చుని ఏ హాస్య నవల చదవాలి? నూట యాభై ఏళ్ళ తెలుగు నవ్వు చెప్పే జవాబు

ఈరోజు విషయం వినడానికి చిన్నదే. పదిమంది కలిసి చదువుకునే చోట హాస్య నవల ఏది ఎంచుకోవాలి? ఒకరికి పొట్ట చెక్కలయ్యే పుస్తకం ఇంకొకరికి నవ్వు తెప్పించదు. ఒక్కోసారి ఒళ్ళు మండిస్తుంది కూడా. అప్పుడెట్లా? దీనికి జవాబు మన తెలుగు హాస్యం చరిత్రలోనే ఉందని నా నమ్మకం. అది మీతో పంచుకుందామని వచ్చాను.

మాది దుత్తలూరు. నెల్లూరు జిల్లా పడమటి వైపు, ఉదయగిరి దగ్గర. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న ఉదయగిరి కోట అంటే అందరికీ తెలుస్తుంది కాబట్టి, మా ఊరి గుర్తు అట్లా చెప్పుకుంటాం. మెట్ట ప్రాంతం. ఇక్కడ మేం పది పన్నెండు మందిమి నెలకొకసారి కూర్చుని ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. రిటైరైన మాస్టారు ఒకరు, బస్సు కండక్టరు అన్న, బట్టలు కుట్టే అక్క, డిగ్రీ చదివే పిల్లలు, ఇట్లా అన్ని రకాల వాళ్ళం.

చరిత్ర నవలలు చదివాం, సాంఘిక నవలలు చదివాం. నచ్చకపోతే బాలేదన్నారు, అంతటితో సరి. హాస్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇద్దరు రావడమే మానేశారు. పన్నెండు మందిలో ఇద్దరంటే తక్కువ కాదండి. అక్క మానేస్తే ఆమెతో వచ్చే ఇద్దరు ఆడవాళ్ళూ మానేస్తారు. అప్పుడిక మిగిలేది మొగవాళ్ళ కబుర్ల అరుగే.

ఏం జరిగిందో చెప్తాను. మాస్టారు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి 'గణపతి' పెట్టారు. గొప్ప నవల, అందులో సందేహం లేదు. ఒక పేద కుర్రాడి పొట్టకూటి తిప్పల మీద నడిచే హాస్యం అది. అయితే అతని ఆకారం మీద కూడా నవ్వు ఉంటుంది. మాలో ఒక తమ్ముడున్నాడు. బడిలో చదివినన్నాళ్ళూ అతన్ని రూపం మీద పెట్టిన పేరుతోనే పిలిచారు. అందరూ నవ్వుతుంటే తను తల వంచుకుని కూర్చున్నాడు. మళ్ళీ నెల రాలేదు.

ఆ తర్వాత మునిమాణిక్యం నరసింహారావుగారి కాంతం కథలు పెట్టుకున్నాం. మా కండక్టరన్నకి అవంటే ప్రాణం. అక్క శ్రద్ధగా విని ఒకే మాట అంది: "మాటల్లో గెలిచేది ఆమేనన్నా, ఒప్పుకుంటా. కానీ కథ చెప్పేది ఎప్పుడూ ఆయనే గదా!" ఆమె కూడా తర్వాత రాలేదు.

మాస్టారు దీన్ని అభిరుచి భేదం అన్నారు. లోకో భిన్నరుచిః అని ఊరుకోవచ్చు. నాకు అట్లా అనిపించలేదు. వాళ్ళిద్దరూ నవ్వు తెలియని వాళ్ళు కాదు. ఇద్దరూ అడిగింది ఒకటే ప్రశ్న: ఇక్కడ ఎవర్ని చూసి నవ్వుతున్నాం? ఈ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్తే తెలుగు హాస్యం చరిత్ర మొత్తం వేరేగా కనిపిస్తుంది. రండి, చూద్దాం.

కందుకూరి వీరేశలింగంగారు 1874లో 'వివేకవర్ధని' పత్రిక మొదలుపెట్టారు. దానికి తోడుగా 1876లో 'హాస్యసంజీవని' వచ్చింది. పేరులోనే హాస్యం ఉంది గానీ, ఆయనకి నవ్వు ఒక ఆయుధం. లంచాలు మింగే ఉద్యోగులు, కేసుల మీద బతికే ప్లీడర్లు, ఆచారం పేరుతో ఇంకొకరి బతుకు నలిపేవాళ్ళు, వీళ్ళ మీదికి వేలు చూపించాడు. అంటే నవ్వు కింది నుంచి పైకి వెళ్ళింది. ఆయనే 1890ల్లో 'సత్యరాజా పూర్వదేశ యాత్రలు' రాశారు. ఇంగ్లీషులో స్విఫ్ట్ రాసిన గలివర్ యాత్రల దారిలో నడిచిన పుస్తకం. అందులో సత్యరాజు ఆడుమళయాళం అనే దేశానికి పోతాడు. అక్కడ పెత్తనమంతా ఆడవాళ్ళది. మన దగ్గర ఆడవాళ్ళకి పెట్టిన కట్టుబాట్లన్నీ అక్కడ మొగవాళ్ళకి! పాతివ్రత్యం బదులు పత్నీవ్రతం. చదివే మొగవాడు నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోతాడు, ఇది నా ఇంటి సంగతే కదా అని.

అదే కాలంలో విజయనగరంలో గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం'. 1892లో మొదట ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో బాగా పెంచి తిరగరాశారు. నవల కాదు, నాటకం. కానీ ఇప్పుడు దాన్ని చూసినవాళ్ళకంటే చదివినవాళ్ళే ఎక్కువ. ఆ నవ్వు వెనక ఏముందో మొదటి కూర్పు ముందుమాటలో ఆయనే అంకెలతో చెప్పారు. విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాల పట్టీ మహారాజావారు తీయించారు. పూర్తి కాని ఆ పట్టీలోనే 1034 పెళ్ళిళ్ళు తేలాయి. అందులో 99 మంది ఆడపిల్లలకి ఐదేళ్ళు. 44 మందికి నాలుగేళ్ళు. 36 మందికి మూడేళ్ళు. ఆరుగురికి రెండేళ్ళు. ముగ్గురికి ఏడాది. ఈ అంకెలు తెలిసి చదివితే గిరీశం మాటలకి నవ్వొస్తుంది, లుబ్ధావధాన్లని చూస్తే నవ్వొస్తుంది, ఆ పసిపిల్ల దగ్గరికి వచ్చేసరికి రాదు. గురజాడ ఎవర్ని చూసి నవ్వాలో తెలిసి రాశాడు.

ఇక 1924. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం వచ్చింది. ఇక్కడ పెద్ద మలుపు ఉంది. అంతవరకూ హాస్యగాడి వేలు ఎదుటివాడి మీదికి పోయేది. పార్వతీశం ఆ వేలు తన మీదికే తిప్పుకున్నాడు. మొగలితుర్రు కుర్రాడు, బారిస్టరు చదువుకి ఇంగ్లండు బయలుదేరాడు, దారిలో ఆడవాళ్ళ టోపీ కొనుక్కుని దర్జాగా పెట్టుకున్నాడు. ఆ కథంతా "నేను" అంటూ తనే చెప్పుకుంటాడు. తనని చూసి తనే ముందు నవ్వినవాడి పక్కన కూర్చుని నవ్వితే ఎవరికీ నొప్పి ఉండదు. మొక్కపాటివారు స్వయంగా ఎడింబరోలో వ్యవసాయశాస్త్రం చదివొచ్చిన మనిషి. ఆ ఓడ, ఆ చలి, ఆ భయం తెలిసే రాశారు. రెండు, మూడు భాగాలు దశాబ్దాల తర్వాత వచ్చాయి. పదిమందిలో చదవడానికి మొదటి భాగం చాలు, దానికదే నిలబడుతుంది.

1950ల్లో ముళ్ళపూడి వెంకటరమణగారు ఆ "నేను"ని ఒక చిన్న పిల్లవాడి చేతికిచ్చారు. 'బుడుగు' అట్లా వచ్చింది, బాపు బొమ్మలతో. పిల్లవాడు చెప్తున్నాడు కాబట్టి బాబాయి, బామ్మ, మాస్టారు, అందరూ కిందినుంచి కనిపిస్తారు. మళ్ళీ నవ్వు కింది నుంచి పైకే.

ఇప్పుడు మన వైపుకి వద్దాం. ఇంతవరకూ చెప్పినవి ఎక్కువగా గోదావరి, ఉత్తరాంధ్ర సంగతులు. మా డిగ్రీ పిల్లలు అడిగారు: "అంకుల్, వీటిలో మన మాటేది?" న్యాయమైన ప్రశ్న. 1980ల్లో తిరుపతి వైపు నుంచి నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారు అక్కడి పల్లె భాషలోనే కథలు చెప్పారు. 1990ల చివర్లో మహమ్మద్ ఖదీర్‌బాబుగారి 'దర్గామిట్ట కతలు' వచ్చాయి. ఆయనది కావలి, మన జిల్లానే. ఒక పేద ముస్లిం ఇంటి పిల్లవాడి బాల్యం, మన నెల్లూరు మాటలో. నవల కాదు, కతలు. కానీ ఒకే ఇల్లు, ఒకే పిల్లవాడు, కాబట్టి నవల్లాగే సాగుతుంది. మొదట మాస్టారికి ఈ భాష అచ్చులో చూడటం ఇబ్బందయింది. వ్యావహారిక భాష కోసం గురజాడవారు పడిన పోరాటం గుర్తు చేస్తే ఆయనే నవ్వేసి, "సరే, చదవండి" అన్నారు.

ఇంకో సంగతి గమనించండి. వీటిలో కొన్ని పుస్తకంగా రాకముందు పత్రికల్లో వచ్చినవే. 'బుడుగు' ఆంధ్ర సచిత్ర వారపత్రికలో వచ్చింది. ఇంగ్లండులో డికెన్స్ 'పిక్విక్ పేపర్స్' కూడా 1836-37లో నెలనెలా భాగాలుగానే వచ్చింది. ఇంటికొక్క పత్రిక వస్తే ఒకరు పైకి చదివేవాళ్ళు, మిగతావాళ్ళు వినేవాళ్ళు. అంటే హాస్యం పుట్టినప్పుడే పదిమంది మధ్య పుట్టింది. పైకి చదివేటప్పుడు ఎవరు నవ్వుతున్నారో, ఎవరు నవ్వడం లేదో ఎదురుగా కనిపిస్తుంది. ఒంటరిగా చదువుకుంటే అది తెలియదు.

అందుకని మేం ఓట్లు వేసుకోవడం మానేశాం. ఓటు వేస్తే ఎక్కువమందికి నచ్చింది గెలుస్తుంది, నొచ్చుకున్నవాళ్ళు ఓడిపోతారు. దాని బదులు, ఎవరైనా ఒక పుస్తకం చెప్తే అందులో ఒక ఇరవై పేజీలు వాళ్ళే పైకి చదవాలి. తర్వాత అందరం ఒకటే అడుగుతాం: ఇందులో నవ్వులపాలవుతున్నది ఎవరు? ఆ మనిషి ఇప్పుడు లోపలికొచ్చి మన పక్కన కూర్చుంటే మనం ఇట్లాగే నవ్వగలమా? నవ్వగలిగితే ఆ పుస్తకం పెట్టుకుంటాం. లేదంటే పక్కన పడేయం. ఇంకో నెల, దాన్ని హాస్యంగా కాకుండా ఆ కాలం ఎట్లా నవ్విందో తెలుసుకోవడానికి చదువుతాం. 'గణపతి'ని మళ్ళీ అట్లాగే తీసుకోబోతున్నాం.

అక్క దగ్గరికి మాస్టారే స్వయంగా వెళ్ళి, "అమ్మా, ఈసారి పుస్తకం నువ్వే చెప్పు" అన్నారు. ఆడుమళయాళం కథ విని ఆమె దాన్నే పట్టుకుంది. కండక్టరన్న చేత పైకి చదివించింది. అన్న చదివే తీరుకే అందరం నవ్వాం, అన్నతో సహా. తమ్ముడు ఇంకా రాలేదు. 'పార్వతీశం' మొదటి భాగం ఇంటికి పంపించాం. తొందర పెట్టదలుచుకోలేదు.

ఈ పని మా ఒక్క ఊరిదే కాదు. అమెరికాలో డెట్రాయిట్ తెలుగు సాహితీ సమితి వాళ్ళు 1998 నుంచి కలిసి చదివి చర్చించుకుంటున్నారు. ఎక్కడైనా సరే, వేర్వేరు జిల్లాలు, వేర్వేరు యాసలు, వేర్వేరు గాయాలు ఉన్నవాళ్ళు ఒక పుస్తకం చుట్టూ కూర్చున్నప్పుడు, అందరికీ ఒకే రుచి ఉండాలని కోరుకోనక్కర్లేదు. నవ్వు ఎవరి మీద పడుతోందో చూసుకుంటే చాలు, మిగతా తేడాలు సర్దుకుంటాయి.

మీ ఊళ్ళో కలిసి చదివే అలవాటు ఉంటే, మీరు ఏ పుస్తకం పైకి చదివి నవ్వుకున్నారో మాకు చెప్పండి. ముఖ్యంగా నెల్లూరు, ప్రకాశం, కడప మెట్ట ఊళ్ళ వాళ్ళు చెప్పండి, మన వైపు నవ్వు ఇంకా వెతకాల్సింది చాలా ఉంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.