గుమ్మం పక్క మేకు

మా ఇంట్లో వీధిగుమ్మం పక్కన గోడకి ఒక మేకు ఉంది. దానికొక తాళంచెవి వేలాడుతూ ఉంటుంది. వచ్చినవాళ్ళు "ఇంత చక్కని గోడకి ఆ తుప్పుమేకేమిటండీ?" అంటారు. రంగులు వేయించిన ప్రతిసారీ మావారు దాన్ని పీకించబోతారు. నేను పడనివ్వను. రాజులకీ కోటలకీ చరిత్ర ఉన్నట్టే ఆ మేకుకీ ఒక చరిత్ర ఉంది. కాకపోతే అది ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద విరుచుకుపడిన రోజు. నాలుగో అంతస్తులో మేము, పిల్లలు, మా దగ్గరికి నెల్లాళ్ళు ఉందామని వచ్చిన ఎనభై దాటిన మా అమ్మమ్మ. కిటికీ అద్దాలు పగిలిపోయాయి. కరెంటు పోయింది. కరెంటు లేక మోటారు లేదు, మోటారు లేక నీళ్ళు లేవు. చీకటి పడేసరికి కొవ్వొత్తి కోసం ఇల్లంతా వెతికాను. దొరికినవేమిటో తెలుసా? పాప పుట్టినరోజు కేకు మీద పెట్టిన బుల్లి రంగు కొవ్వొత్తులు, ఏడు! టార్చిలైటు దొరికింది గానీ అందులో సెల్సు లేవు. డబ్బు తీసే యంత్రాలు పనిచెయ్యవు. పోపుల డబ్బాలో చూస్తే డెబ్భై రూపాయలున్నాయి. ఆర్ట్స్‌లో డిగ్రీ చేశాను, అరడజను నవలలు రాశాను. నా ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో మాత్రం నాకు తెలియదు!

అమ్మమ్మ అంతా చూస్తూ కూచుంది. కాసేపటికి అడిగింది: "ఇంటి కాగితాలెక్కడే?"

"బీరువాలో, అమ్మమ్మా."

"బీరువా తాళంచెవి?"

నేను మావారి వంక చూశాను. ఆయన నా వంక చూశారు. దాచింది నేనే. ఎక్కడ దాచానో గుర్తు రాలేదు. నవ్వొచ్చింది నాకు. అమ్మమ్మ నవ్వలేదు. ఆ రాత్రే మొదటిసారి తన అక్క సంగతి చెప్పింది.

వాళ్ళది దివిసీమ. కృష్ణానది రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసేచోట, ఆ పాయల నడుమ ఉన్న పల్లపు నేల. సముద్రం ఆ తీరానికి పొరుగింటి ఆవిడలాంటిది, మంచిగా ఉన్నన్నాళ్ళూ మంచిదే. 1864 నవంబరు 1 రాత్రి పక్కనున్న మచిలీపట్నం మీదికి ఉప్పెన వస్తే సుమారు 30 వేలమంది పోయారు. ఆ తరవాత నూటపదమూడేళ్ళకి, 1977 నవంబరు 19, శనివారం నాడు దివిసీమ వంతు వచ్చింది. ఐదు మీటర్ల ఎత్తున లేచిన నీరు ఊళ్ళమీద పడి మైళ్ళ దూరం లోపలికి పోయింది. దాదాపు 10 వేలమంది పోయారని లెక్క. ఆ లెక్కకి అందనివాళ్ళు ఇంకా ఉన్నారని ఆ తీరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

హెచ్చరిక లేదా అంటే, ఉంది. తుపాను వస్తుంటే రేవుల్లో ప్రమాద సూచికలు ఎగరేస్తారు. పదో నంబరు ఎగరేశారంటే మహా ప్రమాదమని అర్థం. కానీ అది ఓడలకి తెలిసే భాష. వంటింట్లో ఉన్న ఇల్లాలికి పదో నంబరంటే ఏం తెలుస్తుంది? రేడియో ఉన్న ఇళ్ళు ఊరికి నాలుగో ఐదో. గాలి వస్తుందని అందరికీ తెలుసు. సముద్రమే లేచి వస్తుందని మాత్రం ఎవరూ అనుకోలేదు.

నిజానికి వాళ్ళు నాలాగా చేతగాని ఇల్లాళ్ళు కారు. అమ్మమ్మ ఇంట్లో ప్రతి వస్తువుకీ ఒక చోటు ఉండేది. గూట్లో దీపం, దాని పక్కనే అగ్గిపెట్టె. చూరులో కొడవలి. అటక మీద వానాకాలానికి సరిపడా ఎండుకట్టెలు, పిడకలు. గాదెలో ధాన్యం, జాడీల్లో ఊరగాయలు, కుండలో ఏడాదికి సరిపడా చింతపండు. మనం ఎండల్లో వడియాలు పెట్టుకోవడం సరదా కోసమనుకుంటాం. ముసురు పట్టి నాలుగు రోజులు కూరాకు దొరక్కపోతే ఇల్లు గడవాలని ఆనాటి ఆడవాళ్ళు చేసుకున్న ఏర్పాటు అది. చీకట్లో చెయ్యి చాపితే వస్తువు అందాలి, అదే వాళ్ళ లెక్క.

అన్నింటికీ చోటుంది గానీ ఒక్కదానికి లేదు. బంగారం, పొలం దస్తావేజులు ఉండే ట్రంకుపెట్టె తాళంచెవికి. దొంగల భయంతో దాన్ని రోజుకో చోట దాచేవారట.

ఆ శనివారం గాలి ముదిరేసరికి ఊళ్ళో బడి డాబా మీదికి పోదామని అందరూ బయల్దేరారు. అమ్మమ్మ అక్కకి మాఘమాసంలో కూతురి పెళ్ళి. పెళ్ళి బంగారమంతా పెట్టెలోనే ఉంది. పెట్టె మొయ్యలేరు, లోపలివి తీసుకుందామంటే తాళంచెవి కనబడలేదు. బియ్యం కుండలో చూసింది, పరుపు కింద చూసింది. "నువ్వు పిల్లల్ని తీసుకుని పదవే, నేను వెనకే వస్తా" అంది చెల్లెలితో.

"ఆ వెనకే వస్తానన్న మనిషి ఇంకా రాలేదే" అంది అమ్మమ్మ.

ఏం మాట్లాడాలో తెలియక అడిగాను. "పెట్టె దొరికిందా?"

"మూడోరోజున తుమ్మచెట్టు కొమ్మల్లో దొరికింది. వేసిన తాళం వేసినట్టే ఉంది."

ఆ కూతురి పెళ్ళి మరుసటేడు ఆ బంగారంతోనే చేశారట. ఆ గొలుసు మెడలో వేసుకోవడానికి పెళ్ళికూతురు ఎంత ఏడ్చిందో అమ్మమ్మ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ ఉప్పెన తరవాత తీరం పొడవునా తుపాను షెల్టర్లు కట్టారు. ప్రభుత్వం కట్టింది, స్వచ్ఛంద సంస్థలూ కట్టాయి. 1983లో ఎగిరిన ఇన్సాట్-1బి ఉపగ్రహం పైనుంచి మేఘాల బొమ్మలు పంపసాగింది. 1990 మే 9న మళ్ళీ కృష్ణా తీరానికే మరో తుపాను వచ్చింది. బలంలో పాతదానికేం తీసిపోదు. కానీ ఈసారి ముందుగానే ఆరు లక్షలకి పైగా జనాన్ని ఇళ్ళు ఖాళీ చేయించారు. పోయినవాళ్ళు వెయ్యిలోపు. అదీ తక్కువేమీ కాదు, ఒక్కో ప్రాణం ఒక్కో ఇల్లు. కానీ పదివేలెక్కడ, వెయ్యెక్కడ! సముద్రం మారలేదు. వార్త వేళకి అందింది, జనం వేళకి కదిలారు.

ఇందులో ప్రభుత్వం చెయ్యాల్సింది సగం. వార్త పంపాలి, షెల్టరు కట్టాలి, బస్సు పెట్టాలి. తక్కిన సగం మన ఇంట్లోది. బస్సు వాకిట్లోకి వచ్చి హారన్ కొడుతుంటే "ఒక్క నిమిషం" అని లోపలికి పరిగెత్తని ఇల్లు కావాలి. సర్దుకున్న ఇల్లంటే నేను ఇన్నాళ్ళూ చుట్టాలొస్తే మెచ్చుకునే ఇల్లనుకున్నాను. వెనక్కి వెళ్ళాల్సిన పని ఎవరికీ పెట్టని ఇల్లని అమ్మమ్మ చెబితే తెలిసింది.

అప్పటినుంచీ మా ఇంట్లో ఒక గుడ్డసంచీ ఉంది. ఇంటి కాగితాల నకళ్ళు, పిల్లల సర్టిఫికెట్ల నకళ్ళు, బ్యాంకు పుస్తకాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి అందులో పెట్టాను. మావారి రక్తపోటు మాత్రలు పదిరోజులవి, చిల్లరతో సహా కాస్త నగదు, టార్చి, విడిగా సెల్సు, అగ్గిపెట్టె, ముఖ్యమైన ఫోన్ నంబర్లు రాసిన కాగితం. సెల్‌ఫోన్ ఛార్జింగు అయిపోతే సొంత చెల్లెలి నంబరైనా మనకి నోటికి రాదు కదా! అటుకులు, బెల్లం, వేయించిన వేరుశనగలు ఒక డబ్బాలో. తుపాను కబురు రాగానే బిందెలూ బకెట్లూ నింపి మూతలు పెడతాం. ఉప్పెన తరవాత దివిలో బావులన్నీ ఉప్పునీళ్ళయిపోయాయట. చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క లేదని అమ్మమ్మ చెప్పేది.

ఆర్నెల్లకోసారి ఆ సంచీ విప్పి మాత్రలు మారుస్తాను, అటుకులు ఉప్మా చేసేస్తాను. ఎవరు ఏం పట్టుకోవాలో కూడా అనుకున్నాం. బాబు సంచీ, పాప నీళ్ళ సీసాలు, మావారు గ్యాసు కట్టేసి మెయిన్ ఆపాలి. పిల్లలు మొదట్లో నవ్వేవారు. ఒకసారి తెల్లవారుజామున లేపి పరీక్ష పెట్టాను. ఏడు నిమిషాల్లో కిందికి దిగాం, మావారి కళ్ళజోడు తప్ప అన్నీ వచ్చాయి. ఆయన వెనక్కి వెళ్ళబోతే పాప చెయ్యి పట్టుకుని ఆపింది.

మేకు మాత్రం అమ్మమ్మ కొట్టించింది. తుపాను వెళ్ళిన నాలుగోరోజున, వెళ్ళేముందు. "బీరువా తాళంచెవి ఇక్కడే ఉండాలి. దొంగ పట్టుకుపోతే పోనీ" అంది. ఇప్పుడు అమ్మమ్మ లేదు. మొన్న రంగులు వెయ్యడానికి వచ్చిన కుర్రాడు "మేకు తీసేయమంటారామ్మా?" అని అడిగాడు.

నేను నోరు విప్పేలోపే మావారు అన్నారు: "దాని చుట్టూ వెయ్యి బాబూ, దాన్ని కదపకు."