కండక్టర్ లేని వాద్యబృందం ‘ఇ మ్యూజిచి’

తీగవాద్య బృందాలలో ప్రపంచ ప్రఖ్యాతి గాంచినది ఇటలీకి చెందిన ‘ఇ మ్యూజిచి’. ఇటాలియన్ భాషలో ఈ మాటకు ‘సంగీతకారులు’ అని అర్థం. రోమ్ నగరంలోని శాంటా సిసీలియా సంగీత విద్యాలయంలో చదివిన యువకళాకారులు 1951లో దీనిని నెలకొల్పారు. తొలి కచేరీ 1952లో అక్కడే జరిగింది.

సభ్యులు 12 మంది. ఆరు వయొలిన్లు, రెండు వయోలాలు, రెండు చెల్లోలు, ఒక డబుల్ బాస్, వీటికి తోడు ఒక హార్ప్సికార్డ్. పాశ్చాత్య వాద్యబృందాలకు ఎదుట నిలిచి నడకను నిర్దేశించే కండక్టర్ ఉండడం పరిపాటి. ఈ బృందంలో ఆ స్థానమే లేదు. ప్రధాన వయొలిన్ విద్వాంసుని కమాను కదలికను గమనిస్తూ, ఒకరినొకరు వింటూ వాయిస్తారు. మన కచేరీలలో గాత్రానికి తోడుగా నిలిచే వయొలిన్ అక్కడ నాయకత్వం వహించడం విశేషం.

వెనిస్ స్వరకర్త ఆంటోనియో వివాల్డి (1678-1741) రచనలు ఆయన మరణానంతరం దాదాపు రెండు శతాబ్దాలు మరుగునపడ్డాయి. 1920వ దశకంలో ఆయన వ్రాతప్రతులు బయటపడి ట్యూరిన్ గ్రంథాలయానికి చేరాయి. ఆ సంగీతాన్ని సామాన్య శ్రోతల చెంతకు చేర్చిన వారిలో ఈ బృందం ముఖ్యమైనది. ఫెలిక్స్ అయో ప్రధాన వయొలిన్‌గా ‘నాలుగు ఋతువులు’ కృతులను 1955లోను, స్టీరియో పద్ధతిలో 1959లోను రికార్డు చేశారు. అనంతరం రాబర్టో మికెలూచి, సాల్వతోరె అకార్డో, పీనా కార్మిరెల్లి ఆ స్థానాన్ని అలంకరించారు. తరాలు మారినా కండక్టర్ లేని సంప్రదాయం మాత్రం మారలేదు.