మక్కు వదిలిన కణాలు

కొండపల్లి బొమ్మ ఒకే కర్రలోంచి పుట్టదు. తెల్ల పొణికి చెక్కలో తల, చేతులు, కాళ్లు విడివిడిగా చెక్కి, రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన మక్కుతో అతికిస్తారు. కర్ర అంతా ఒకటే. ఏ ముక్క ఏనుగు తొండం కావాలో, ఏది బోయీ భుజం కావాలో తేల్చేది పనివాడి చెయ్యి. ఒంట్లో కణాలూ అంతే. కాలేయంలోనైనా అండాశయంలోనైనా ఉన్నవి అవే జన్యువులు. ఏవి పలకాలో, ఏవి ఊరుకోవాలో చెప్పేవి జన్యు నియంత్రకాలు.

ఈ సంగతికి పునాది 1961లో పడింది. ఫ్రాన్స్‌లో జాకబ్, మోనో అనే ఇద్దరు బాక్టీరియాలో ఒక జన్యువు మరికొన్నింటిని అణచి ఉంచగలదని చూపారు. క్యాన్సర్ పరిశోధన మాత్రం చాలాకాలం వైరస్‌ల చుట్టూ, జన్యువుల్లోని తప్పుల చుట్టూ తిరిగింది. 1982లో అమెరికాలో తెలుగు శాస్త్రవేత్త ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి, ఆయన సహచరులు మూత్రాశయ క్యాన్సర్ కణాల్లోని ‘రాస్’ అనే జన్యువు రాతలో ఒక్క అక్షరం మారిందని కనిపెట్టారు. అదే ఏడాది మరికొన్ని బృందాలూ అదే తేల్చాయి. క్యాన్సర్ శాస్త్రాన్నే మలుపు తిప్పిన సంగతి అది. అయినా కణితి ఎందుకు పాకుతుందన్న ప్రశ్న మిగిలే ఉంది.

అండాశయ క్యాన్సర్ పాకే తీరే వేరు. రక్తనాళాల దారి కన్నా ముందు అది తన కణాలను పొట్టలోకే రాలుస్తుంది. అవి అక్కడి నీటిలో తేలి, పేగుల ముందు వేలాడే కొవ్వు తెర మీద వాలతాయి. ఆ కొవ్వు కణాలే క్యాన్సర్‌ను తమవైపు లాగి, తిండి కూడా పెడుతున్నాయని 2011లో షికాగో పరిశోధకులు చూపారు. పొట్ట ఉబ్బరం, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం దీని గుర్తులు. ఇళ్లలో గ్యాస్ అనుకుని సోడా తాగి సరిపెట్టుకుంటారు. ఎందరో ఆడవాళ్లు రోగం పొట్టంతా పాకాకే ఆస్పత్రికి చేరడం గుండెను పిండే విషయం.

కణాలు ఒకదాన్నొకటి ఎలా వదిలేస్తాయన్నదానికి ఒక జవాబు నియంత్రకాల్లోనే దొరికింది. 2000లో స్పెయిన్‌లో రెండు బృందాలు ఒకేసారి ‘స్నెయిల్’ అనే నియంత్రకం పని బయటపెట్టాయి. కణాన్ని కణంతో పట్టి ఉంచే ఇ-కాడ్హెరిన్ జన్యువును అది అణచేస్తుంది. అంటే మక్కు కరిగిస్తుంది. 2004లో ‘ట్విస్ట్’ అనే మరో నియంత్రకమూ వ్యాప్తికి తోడ్పడుతుందని తేలింది. అండాశయంలో కథ అంత సూటిగా లేదు. పొట్ట నీటిలో కణాలు గుంపులుగానే తేలుతుంటాయి. మక్కు పూర్తిగా వదలదు.

నియంత్రకాలకు తోడుండే ప్రోటీన్లకూ ఈ కథలో పాత్ర ఉంది. 2001లో హ్యూస్టన్‌లో శాస్త్రవేత్త రత్న వడ్లమూడి, సహచరులు ‘పెల్ప్1’ను వేరుచేశారు. ఈస్ట్రోజన్ గ్రాహకం పక్కన నిలబడి, జన్యువులను పలికించడంలో దానికి సాయపడే ప్రోటీన్ ఇది. అండాశయ కణితుల్లో సుమారు 60 శాతంలో ఇది మోతాదు మించి ఉందని 2008లో శాన్ ఆంటోనియోలోని ఆయన బృందం చెప్పింది. 2011లో చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలను కొవ్వు బుడగల్లో పెట్టి ఎలుకలకు ఇచ్చి పెల్ప్1ను అణిచారు. కణితి ఎదుగుదలా, వ్యాప్తీ తగ్గాయి.

అదే 2011లో అమెరికాలో అండాశయ కణితుల జన్యు పటం ఒకటి వెలువడింది. అండాశయ క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించే, ప్రాణాంతకమైన రకంలో 96 శాతం కణితుల్లో పి53 జన్యువు పాడైందని అది తేల్చింది. పి53 స్వయంగా నియంత్రకం. అక్షరదోషాల దారీ నియంత్రకాల దారీ అక్కడ కలిశాయి. 2022లో వడ్లమూడి బృందం పెల్ప్1ను నేరుగా అడ్డుకునే ‘ఎస్ఎంఐపి34’ అనే చిన్న అణువును ముందుకు తెచ్చింది. దాన్ని ముందుగా పరీక్షించింది రొమ్ము క్యాన్సర్ మీద.