పూతయు మకిలియు

తైలవర్ణములతో వ్రాసిన ప్రకృతిదృశ్యమును జూచువారు చెట్టును, ఏటిని, మేఘమును జూతురు గాని, వానిక్రింద నణగియున్న పొరలను దలపరు. పదునేడవ శతాబ్దమునాటి హాలెండు చిత్రకారులు సామాన్యముగా నారవస్త్రమునకు మొదట జిగురు పట్టించి, దానిపై మట్టివన్నె యడుగుపూత వేయుచుండిరి. అది యాఱిన పిమ్మట వెలుగునీడలను ఒకటి రెండు రంగులతోనే నిర్ణయించుకొనిరి. తరువాత ఆకాశమును, దూరపు వస్తువులను, పిదప దగ్గఱివానిని వ్రాసి, తుదకు వలసినచోట్ల క్రిందిరంగు కానవచ్చునట్లు పలుచని పూతలతో ఛాయలను గూర్చిరి.

ఈ క్రమమునకు కారణము కలదు. అవిసెనూనె నీటివలె ఆవిరియై పోదు. గాలిలోని ఆమ్లజనిని గ్రహించి మెల్లగా గట్టిపడును. కావున నూనె తక్కువైన పూత క్రిందను, ఎక్కువైనది మీదను ఉండవలెను. వరుస తప్పెనేని పైపొర ముందుగా బిగిసి, క్రిందిపొర కదలినపుడు పగులును.

చిత్రము ముగిసినపిమ్మట రక్షణకై వార్నీషు పూయుదురు. కాలక్రమమున నది పసుపువాఱి, పొగయు దుమ్మును జేరి, పచ్చని పొలమును గోధుమవన్నెకు దెచ్చును. ఇంగ్లాండులో రసికులనేకులు ఆ వన్నెయే పూర్వాచార్యుల మార్గమని నమ్మిరి. చిత్రసేకరణమునందు ప్రసిద్ధుడగు సర్ జార్జి బోమాంటు, దృశ్యచిత్రమునకు పాత ఫిడేలు రంగే తగినదనగా, జాన్ కాన్‌స్టేబులు (1776–1837) ఒక పాత ఫిడేలును దెచ్చి యింటిముందఱి పచ్చికపై నుంచెనట! అతని జీవితచరిత్రమును వ్రాసిన లెస్లీ యీ సంగతి చెప్పెను.

కాన్‌స్టేబులు సంప్రదాయద్వేషి కాడు. రూయిస్‌డేలు, క్లాడు చిత్రములకు ప్రతులు వ్రాసి యభ్యసించినవాడు. 1821లో ప్రదర్శించిన ‘హే వెయిన్’ అను నాఱడుగుల చిత్రమునకై అంతే పరిమాణముగల చిత్తుప్రతిని ముందుగా వ్రాసెను. అందు గోధుమవన్నె యడుగుపూత నేటికిని పలుచోట్ల బయటనే కానవచ్చును. అనగా ఆ వన్నె నతడు త్రోసివేయలేదు. అది యుండవలసిన చోట, అడుగున, ఉంచెను. పైని ఆకుపచ్చ ఆకుపచ్చగనే నిలిచెను. లండనులో నమ్ముడుపోని యా చిత్రమునకు 1824లో పారిసు ప్రదర్శనమున స్వర్ణపతకము లభించెను.

అయినను కడుగుటయే వివేకమనరాదు. 1947లో లండను నేషనల్ గ్యాలరీవారు శుభ్రపఱచిన చిత్రములను ప్రదర్శించినపుడు, మకిలితోపాటు చిత్రకారుని పలుచని పూతలును పోయినవని కొందఱు వాదించిరి. ఆ భయము నిరాధారమైనది కాదు. రెండును పైపొరలే, రెండును పలుచనివే. పెద్దలు పూసినదేదో, కాలము పూసినదేదో పరీక్షించి తెలిసికొనిన పిమ్మటనే చేయి చాపవలెను. తెలిసికొనకయే కడుగుటయు, తెలిసికొనకయే కొలుచుటయు చిత్రమునకు సమానముగనే హాని.