కూడలిలోని టెలిఫోను

1882వ సంవత్సరము జనవరి 28వ తేదీన కలకత్తా, బొంబాయి, మదరాసు నగరములందు టెలిఫోను ఎక్స్ఛేంజీలు ప్రారంభమైనది మొదలు, నూఱేండ్లకు పైగా మన దేశమున టెలిఫోను ఒకచోట కుదురుగా నుండిన వస్తువు. పనిగలవాడు దానికడకు పోవలెనేగాని, అది యెవ్వరినిని వెన్నాడి వచ్చునది కాదు. స్మార్ట్‌ఫోనును బిడ్డలకు ఏ వయసున ఈయవలెనని తల్లిదండ్రులు తర్జనభర్జన పడుచున్న యీ కాలమున, ఆ కుదురైన ఫోను చరిత్రమును ఒకమాఱు తిరుగవేయుట ప్రయోజనకరము.

తొలి తరములందు ఫోను అధికారుల, వర్తకుల, వైద్యుల సొత్తు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట కూడ కనెక్షనుకు దరఖాస్తు పెట్టుకొన్నవారు ఏండ్ల తరబడి వేచియుండవలసి వచ్చెను. కావున వీథిలో ఒక యింట ఫోనున్నచో ఆ నంబరు ఇరుగుపొరుగు లందఱిదియు నయ్యెను. తమ చిరునామాక్రింద దానిని వ్రాసి, అది పొరుగింటి ఫోనని తెలియుటకు ప్రక్కన ‘పీపీ’ యని చేర్చి బంధువులకు తెలుపుచుండిరి. ట్రంకు కాల్ వచ్చినపుడు ఆ యింటి పిల్లవాడు పరుగున పోయి, “అత్తయ్యగారూ, బెజవాడనుండి మీకు ఫోను!” అని పొరుగింటి గుమ్మముకడ కేకవేయుటయు, ఆమె తడిచేతులు కొంగున తుడుచుకొనుచు వచ్చి నాలుగు ముక్కలు మాటాడి పోవుటయు నాటివారెల్లరు ఎఱిగిన దృశ్యము. ఒకరి కబురు మఱియొకరికి చేర్చు సేవారూపముననే ఆ పిల్లలకు ఫోనుతో తొలి పరిచయము కలిగెను.

1984లో స్థాపితమైన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సి-డాట్, టెలికాం నిపుణుడు శామ్ పిట్రోడా ప్రోద్బలమున, ఏర్‌కండిషను అక్కఱలేక మన యెండలను దుమ్మును తట్టుకొనగల చిన్న గ్రామీణ ఎక్స్ఛేంజిని రూపొందించెను. 1986లో కర్ణాటకములోని కిత్తూరున అట్టి తొలి ఎక్స్ఛేంజి వెలసెను. అనతికాలముననే బస్టాండులయందును, కాలేజీల యెదుటను, పల్లెల కూడళ్లయందును పసుపుపచ్చని ఎస్‌టీడీ బోర్డులతో దూరప్రాంతములకు ఫోను చేసికొను బూతులు నిలిచెను. అనేకులైన వికలాంగులకు ఈ బూతులే జీవనాధారమయ్యెను. రాత్రివేళ ఛార్జీలు తగ్గుటచే, హాస్టలు విద్యార్థులు భోజనానంతరము వానియెదుట బారులు తీఱి నిలుచుచుండిరి. అద్దాలగదిలో రిసీవరు చేతబట్టిన కుఱ్ఱవాడు, మీటరుపై మాఱుచున్న ఎఱ్ఱని అంకెలను చూచుచు, పరీక్షఫీజు గడువును తెలిపి, తల్లి యారోగ్యమును విచారించి, మిషను వెడలించిన చీటీప్రకారము పైకము చెల్లించి, వెనుకవానికి చోటిచ్చి వెడలుచుండెను.

ఈ యేర్పాటును బాలశిక్షణార్థమై యెవ్వరును నిర్మింపలేదు. కొఱతయు, ఖర్చును దానిని నిర్మించినవి. అయినను స్థలము, కాలము, నలుగురి సన్నిధి యను మూడు కట్టుబాట్లు అందు అయాచితముగా లభించినవి. 1995 జూలై 31న నాటి పశ్చిమబెంగాలు ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తానుండి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో జరిపిన మన దేశపు తొలి సెల్‌ఫోను సంభాషణముతో స్థలనియమము సడలెను; మాటకు ఖరీదు తగ్గినకొలది కాలనియమము సడలెను; అఱచేతిలోని తెరకు ఇంటర్నెట్ తోడైన పిమ్మట నలుగురి సన్నిధియు తొలగిపోయెను. బూతులు ఒక్కటొక్కటిగా మూతపడినవి.

తానై సమకూడిన కట్టుబాటు తొలగినపుడు, బుద్ధిపూర్వకముగా మఱల ఏర్పఱచుకొనుట పెద్దల ధర్మము. 2023లో ఐర్లండులోని గ్రేస్టోన్స్ పట్టణమున ప్రాథమిక పాఠశాలల తల్లిదండ్రులు, ప్రాథమిక విద్య ముగియునంతవఱకు బిడ్డలకు స్మార్ట్‌ఫోను ఈయరాదని కూడబలుకుకొని స్వచ్ఛందముగా నిశ్చయించుకొనిరి. ఒక్క యింటివారే నిరాకరించినచో బిడ్డ మనసు చిన్నబోవును. తోటివారందఱికిని అదే నియమమైనచో ఆ కష్టము తేలికపడును. మన కాలనీలయందును, పాఠశాలలయందును ఇట్టి యొడంబడిక అసాధ్యము కాదు. క్షేమసమాచారములకు నడవలో నొక ల్యాండ్‌లైనో, బయటికి పోవునపుడొక బటను ఫోనో చాలును. నూఱేండ్ల పాటు సంఘమంతయు అంతకు మించిన ఫోను లేకయే బ్రదికినది. పసితనమునకు అంతకు మించినది అవసరము లేదు.